ఫోను మాట మెష్‌కు అందాలంటే

సూరత్ నుంచి నవ్‌సారి వైపు వెళ్లేటప్పుడు తగిలే సచిన్‌లో ఒక సాంచాల (మరమగ్గాల) షెడ్డును ఊహించుకోండి. వంద సాంచాలు వరసలుగా ఉన్నాయి. ఒక్కోదానికీ చిన్న బ్లూటూత్ సెన్సర్ బిగించారు. పడుగు పోగు తెగి సాంచె ఆగినా, మోటారు వేడెక్కినా అది కబురు పంపుతుంది. సెన్సర్లు ఒకదాని కబురు ఒకటి అందుకుని షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు చేరవేస్తాయి. మధ్యలో సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు, ఆయన చేతిలో ఫోను ఉంది. అందులో ఉన్నదీ బ్లూటూతే, అదే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. అయినా రెండు గజాల దూరంలో ఉన్న సెన్సర్ ఆ రేడియోలో పలుకుతున్న కబురు ఆ ఫోనులోని యాప్‌కు అందదు. యాప్ తన కబురును ఆ సెన్సర్లు పలికే తీరులో పలకలేదు కూడా.

ఈ చిక్కు తీర్చడానికే బ్లూటూత్ మెష్ ప్రమాణంలో ప్రాక్సీ అనే ఏర్పాటు పెట్టారు. చిన్న బల్బుల్లో, స్విచ్చుల్లో అది ఏళ్లుగా పనిచేస్తోంది. అందరూ చదివి మార్చుకోగల లినక్స్ బ్లూటూత్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ప్రాక్సీగా నిలబడే భాగం చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. ఆ ఖాళీ పూరించడమంటే ఏమేం చేయాలో చూస్తే, ప్రాక్సీ అసలు పని కబుర్లను చేరవేయడం కన్నా వాటిని ఆపడమేనని తెలుస్తుంది.

ముందు సచిన్ సంగతి. 1791 నుంచి స్వాతంత్య్రం వచ్చేదాకా ఇది ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. ఇప్పుడు జీఐడీసీ పారిశ్రామికవాడ, ప్రత్యేక ఆర్థిక మండలి, అద్దకం మిల్లులు, నేత షెడ్లు ఉన్న చోటు. సూరత్ నేతలో మనవాళ్ల చేయి పాతది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే అక్కడికి వెళ్లాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. సిరిసిల్లలో సాంచె దగ్గర నిలబడి పనిచేసినవాడికి సచిన్ షెడ్డు చప్పుడు కొత్తేమీ కాదు.

అలాంటి షెడ్డు రేడియోకు మాత్రం గడ్డు చోటు. ఎటు చూసినా ఇనుమే, తరంగాలు తగిలి చెదిరిపోతాయి. పేకను నీటి ధారతో విసిరే వాటర్‌జెట్ సాంచాలైతే గాలంతా తేమే, పైగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది. ఒక సెన్సర్ నుంచి షెడ్డు చివర ఉన్న పెట్టెకు కబురు నేరుగా చేరుతుందన్న భరోసా లేదు. మెష్ అవసరమయ్యేది ఇలాంటి చోటే.

మామూలు బ్లూటూత్‌లో మాట ఇద్దరి మధ్యే సాగుతుంది. ఫోను, ఇయర్‌ఫోన్ ముందు జతకడతాయి, ఆ తర్వాత మాట్లాడుకుంటాయి. 2010లో బ్లూటూత్ 4.0తో తక్కువ కరెంటుతో నడిచే లో ఎనర్జీ పద్ధతి వచ్చింది. దాని మీదే 2017 జులైలో బ్లూటూత్ ఎస్ఐజీ సంస్థ మెష్ ప్రమాణాన్ని విడుదల చేసింది. మెష్‌లో జతకట్టే పని లేదు. సాంచాల మోతలో ఒక మాట షెడ్డు చివరకు చేరాలంటే పక్కవాడి చెవిలో చెప్పాలి, అతను తన పక్కవాడికి చెప్పాలి. మెష్ నడిచేదీ అలాగే. కబురున్న నోడ్, అంటే మెష్‌లోని పరికరం, దాన్ని ప్రకటనగా గాలిలోకి వదులుతుంది. విన్నవాటిలో రిలే బాధ్యత ఉన్న నోడ్లు దాన్ని మళ్లీ పలుకుతాయి.

ఇలా అందరూ అన్నీ తిరిగి పలికితే గాలంతా రొదే మిగులుతుంది. అందుకు రెండు కట్టుబాట్లు పెట్టారు. ప్రతి కబురుకూ టీటీఎల్ అనే అంకె ఉంటుంది, 127కు మించదు. రిలే చేసే ప్రతి నోడ్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, అయిపోతే కబురు అక్కడితో ఆగుతుంది. రెండోది, ఇటీవల విన్న కబుర్ల జాబితాను ప్రతి నోడ్ గుర్తుపెట్టుకుంటుంది. విన్నదే మళ్లీ వినబడితే పట్టించుకోదు. దారులు లెక్కగట్టే పని ఏ నోడ్‌కూ లేదు, కాబట్టి ఒక సాంచె సెన్సర్ పాడైతే కబురు ఇంకో సాంచె మీదుగా పోతుంది. ఈ పద్ధతిలో ఒక నెట్‌వర్క్‌లో 32,767 విడి చిరునామాల దాకా ఇవ్వవచ్చు.

కబురు కొలత చూస్తే ఈ ప్రమాణం ఎంత పొదుపుగా అల్లారో అర్థమవుతుంది. పాత తరహా బ్లూటూత్ ప్రకటనలో పట్టేది 31 బైట్లు. అందులో పొడవుకు, రకానికి రెండు పోతే 29 మిగులుతాయి. మెష్ నెట్‌వర్క్ పొట్లం గరిష్ఠంగా సరిగ్గా 29 బైట్లే. ఎవరు పంపారు, ఎవరికి, వరుస సంఖ్య ఎంత, టీటీఎల్ ఎంత, నడుమ ఎవరూ మార్చలేదనడానికి రుజువు, ఇవన్నీ పోగా అసలు విషయానికి మిగిలేది పిడికెడు చోటు. ఆ కాస్త చోటులోనే రెండు పొరల రహస్య లిపి నడుస్తుంది. నెట్‌వర్క్ తాళంచెవి ఉన్న నోడ్ కబురును ముందుకు పంపగలదు, లోపలేముందో చదవడానికి మాత్రం అప్లికేషన్ తాళంచెవి కావాలి.

మరి ఫోనుకు ఇందులో చోటెందుకు దొరకలేదు? మెష్ కబుర్లు తమకంటూ కేటాయించిన ప్రత్యేక రకం ప్రకటనలుగా పోతాయి. ఐఫోన్‌లో యాప్ రాసేవాళ్లు పేరు, సర్వీసుల గుర్తింపు సంఖ్యలు తప్ప వేరే ప్రకటనలు పంపలేరు. ఆండ్రాయిడ్ కొంత సడలింపు ఇచ్చినా మెష్ రకం ప్రకటనలను పంపే వీలు యాప్‌కు ఇవ్వదు. పైగా మెష్ నోడ్ ఎప్పుడూ చెవి ఒగ్గి వింటూ ఉండాలి. అలా చేస్తే ఫోను బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ప్రమాణం రాసినవాళ్లకు ఇది ముందే తెలుసు. కోట్ల ఫోన్లను మార్చలేం, వాటికి అప్పటికే వచ్చిన భాషలోనే మాట్లాడదాం అనుకున్నారు. ఆ భాష గ్యాట్. ఫిట్‌నెస్ పట్టీలు, గుండె లయ కొలిచే పరికరాలు ఫోనుతో మాట్లాడేది దాంతోనే.

కాబట్టి మెష్‌లోని ఒక నోడ్ ప్రాక్సీ సర్వర్‌గా ఉంటుంది. ఒక పక్క ప్రకటనల్లో మెష్ మాట్లాడుతుంది, మరో పక్క ఫోనుతో గ్యాట్ కనెక్షన్ పెట్టుకుంటుంది. 1828 గుర్తింపు సంఖ్య ఉన్న సర్వీసు కింద రెండు గళ్లు ఉంటాయి. ఫోను తన కబురును ఒక గడిలో రాస్తుంది, మెష్ నుంచి వచ్చే కబురు రెండో గడి ద్వారా ఫోనుకు అందుతుంది. కొత్త పరికరాన్ని నెట్‌వర్క్‌లో చేర్చుకోవడానికి 1827 సంఖ్యతో వేరే సర్వీసు ఉంది.

ఇక్కడ కొలతల పేచీ మొదలవుతుంది. గ్యాట్ కనెక్షన్‌లో ఇద్దరూ వేరే ఒప్పందం చేసుకోకపోతే ఒక విడతలో పట్టేది 23 బైట్లు. అందులో 3 గ్యాట్ కిందిపొర తనకు తీసుకుంటుంది, ఒకటి ప్రాక్సీ శీర్షికకు పోతుంది. మిగిలేది 19. 29 బైట్ల మెష్ పొట్లం అందులో పట్టదు కాబట్టి 19, 10గా రెండు ముక్కలు చేయాలి. శీర్షికలోని మొదటి రెండు బిట్లు ఇది పూర్తి కబురా, మొదటి ముక్కా, నడిమి ముక్కా, చివరి ముక్కా అని చెబుతాయి. మిగతా ఆరు బిట్లు కబురు రకం చెబుతాయి. కొత్త పరికరాన్ని చేర్చుకునేటప్పుడు పంపే పబ్లిక్ కీ 65 బైట్ల పొట్లం, అది నాలుగు ముక్కలవుతుంది. మొదటి ముక్క వచ్చాక మిగతావి 20 సెకన్లలోపు రాకపోతే ప్రాక్సీ కనెక్షన్ తెంచేయాలి. లేదంటే సగం కబుర్లు మెమరీలో పేరుకుపోతాయి. విడత పరిమితిని 33 బైట్లకు పెంచడానికి ఇద్దరూ ఒప్పుకుంటే ఏ మెష్ పొట్లమైనా ముక్కలు కాకుండా పోతుంది. అందుకే ప్రాక్సీ సర్వర్ కనీసం 33ను భరించాలని ప్రమాణం పట్టుబడుతుంది.

ఇప్పుడు వడపోత సంగతి. నా దృష్టిలో ప్రాక్సీ ప్రాణం ఇందులోనే ఉంది.

మన వంద సాంచాల షెడ్డులో ఒక్కో సెన్సర్ పది సెకన్లకోసారి కబురు పంపుతుందనుకుందాం. సెకనుకు పది కబుర్లు. ఒక్కోదాన్ని ఇరవై రిలేలు తిరిగి పలికితే గాలిలో సెకనుకు మరో రెండు వందలు. పాత కబుర్లను ప్రాక్సీ జ్ఞాపకం తీసేస్తుంది కాబట్టి మళ్లీ పదికి వస్తాం. ఆ పదీ ఫోనుకు తోస్తే? బ్లూటూత్‌కు సెకనుకు 290 బైట్లు పెద్ద బరువేమీ కాదు. కానీ ఫోను ప్రతిసారీ మేలుకోవాలి, రహస్య లిపి విప్పాలి, తనకు పనికిరాదని తెలుసుకుని పారేయాలి. షెడ్డు రోజంతా నడుస్తుంది, సూపర్‌వైజరు జేబులో ఫోను కూడా రోజంతా మేలుకునే ఉంటుంది.

అందుకని ప్రమాణం ఇలా నిర్ణయించింది: ఫోను కనెక్ట్ అయిన క్షణంలో ప్రాక్సీ దానికి ఒక ఖాళీ అనుమతి జాబితా తెరుస్తుంది. జాబితా ఖాళీ కాబట్టి మెష్ కబురు ఒక్కటీ ఫోనుకు వెళ్లదు. ఫోను ఏదైనా కబురు పంపగానే దాని చిరునామా జాబితాలో చేరుతుంది, అప్పటి నుంచి దానికి వచ్చే జవాబులు అందుతాయి. ఇంకేం కావాలన్నా ఫోనే అడగాలి. మూడో వరస సాంచాల గుంపు చిరునామా కావాలంటే దాన్ని చేర్చమంటుంది, వద్దనుకుంటే తీసేయమంటుంది. లేదా అన్నీ పంపు, ఫలానావి మాత్రం ఆపు అని నిరాకరణ జాబితాకు మారమంటుంది. ప్రతి మార్పు తర్వాతా ప్రాక్సీ జాబితా రకాన్ని, అందులో ఎన్ని చిరునామాలున్నాయో జవాబుగా చెబుతుంది. పది చేర్చమంటే ఎనిమిదే పట్టాయని ఫోను ఆ అంకె చూసే గ్రహిస్తుంది.

ఈ వడపోత ఆదేశాలు కూడా నెట్‌వర్క్ తాళంచెవితో భద్రమైనవే. వాటి టీటీఎల్ సున్నా, గమ్యం చిరునామా సున్నా, రహస్య లిపిలో ప్రతి పొట్లానికీ విడిగా వాడే నాన్స్ అనే సంఖ్య కూడా వేరే రకం. కాబట్టి పొరపాటున కూడా అవి మెష్‌లోకి జారిపోవు.

లినక్స్ సంగతికి వద్దాం. లినక్స్ బ్లూటూత్ సాఫ్ట్‌వేర్ పేరు బ్లూజెడ్. మాక్స్ క్రస్న్యాన్‌స్కీ క్వాల్‌కామ్‌లో ఉండగా మొదలుపెట్టిన ఆ పని 2001లో లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో చేరింది, తర్వాతి కాలంలో మార్సెల్ హోల్ట్‌మన్ దాన్ని చూసుకున్నారు. చేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై నుంచి పెద్ద కంప్యూటర్ల దాకా లినక్స్ ఉన్నచోట బ్లూటూత్ పని ఎక్కువగా దీనిదే. 2017లో మెష్ ప్రమాణం వచ్చిన ఏడాదే బ్లూజెడ్‌లో మెష్‌సీటీఎల్ అనే పనిముట్టు చేరింది. అది ప్రాక్సీకి క్లయింటు. అంటే ల్యాప్‌టాప్‌ను ఫోను స్థానంలో ఉంచి, వేరే పరికరంలోని ప్రాక్సీ సర్వర్‌కు కనెక్ట్ చేస్తుంది. లినక్స్ యంత్రం మాత్రం మెష్‌లో నోడ్ కాలేదు.

2019లో 5.51 వెర్షన్‌తో బ్లూటూత్-మెష్‌డీ వచ్చింది. ఇది నిజమైన నోడ్. ప్రకటనలతో మాట్లాడుతుంది, రిలే చేస్తుంది, బ్యాటరీతో నిద్రపోయే పరికరాలకు నేస్తంగా ఉండి వాటి కబుర్లు దాచిపెడుతుంది, కొత్త పరికరాలను చేర్చుకుంటుంది. గ్యాట్ మాత్రం దానికి రాదు. నెట్‌వర్క్ పని చూసే సోర్సు ఫైల్లో ప్రాక్సీని ఆన్ చేసే ఫంక్షన్ పేరుకు ఉంది. లోపల, ప్రాక్సీకి ఇంకా మద్దతు లేదనే వ్యాఖ్య ఉంది. ఆన్ చేయమంటే లాగ్‌లో లోపం రాసి, కాదని తిరిగి వచ్చేస్తుంది. రాసినవాళ్లు ఇక్కడ పని మిగిలి ఉందని వెనక వచ్చేవాళ్లకు చెప్పే పద్ధతి అది. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది.

ఆ పని ఎందుకు మిగిలింది? చిన్న బల్బులో రాయగలిగింది లినక్స్‌లో రాయలేరా అనిపిస్తుంది. బల్బులో ఉండేది ఒక్కటే ప్రోగ్రామ్, రేడియో మొత్తం దానిదే. లినక్స్‌లో బ్లూటూత్‌డీ అనే పాత సేవ గ్యాట్‌ను, కనెక్షన్లను చూస్తుంది, మెష్‌డీ ప్రకటనలను చూస్తుంది. రేడియో చిప్ ఒక్కటే. మెష్‌డీ మొదట్లో చిప్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకునే దారిలో నడిచింది. అది నడుస్తున్నంతసేపూ అదే చిప్ మీద బ్లూటూత్‌డీ పనిచేయలేదు. రెండూ కావాలంటే రెండో యూఎస్‌బీ డాంగిల్ తగిలించాలి. 2022లో వచ్చిన లినక్స్ 6.1 కెర్నల్‌లో మెష్ ప్రకటనలు పంపడానికి, వినడానికి ప్రత్యేక ఆదేశాలు చేరాయి. దాంతో ఒకే చిప్‌ను రెండు సేవలూ పంచుకునే దారి తెరుచుకుంది. ప్రాక్సీ సర్వర్‌కు ఇది పునాది. ఒకే యంత్రం ఒకే సమయంలో మెష్‌ను వింటూ, ఫోను కనెక్షన్‌నూ పట్టుకుని ఉండటమే దాని పని కదా.

పునాది తర్వాత మొదటి ప్రశ్న: గ్యాట్ పనిని మెష్‌డీ సొంతంగా చేయాలా, బ్లూటూత్‌డీకి అప్పగించాలా? అప్పగించడమే సబబుగా కనిపిస్తుంది. లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ ద్వారా ఏ ప్రోగ్రామైనా తన గ్యాట్ సర్వీసును బ్లూటూత్‌డీ దగ్గర నమోదు చేసుకోవచ్చు. కానీ ఆ దారిలో ఒక మెలిక ఉంది. డీ-బస్ మీద ఒక గడి విలువ మారిందని చెబితే, ఆ గడిని వింటున్న ఫోన్లన్నిటికీ అదే విలువ వెళ్తుంది. గుండె లయ చూపే పరికరానికి అది సరిపోతుంది, ఎవరు చూసినా లయ ఒకటే. ప్రాక్సీలో ఒక్కో ఫోనుకు ఒక్కో వడపోత జాబితా. సూపర్‌వైజరు ఫోను మూడో వరస అడిగింది, మెకానిక్ ఫోను మోటారు వేడి అడిగింది. ఒకరికి పంపాల్సింది ఇద్దరికీ పోతే వడపోతకు అర్థం లేదు. ముక్కలుగా వెళ్లే కబుర్లలో ఇంకా ప్రమాదం. ఒకరి మొదటి ముక్క వెనక మరొకరి చివరి ముక్క చేరితే రెండు ఫోన్లూ చెత్త చదువుకుంటాయి. కాబట్టి ప్రతి కనెక్షన్‌కూ విడిగా దారి, విడిగా జాబితా, విడిగా సగం కబురు దాచే చోటు, 20 సెకన్లు లెక్కపెట్టే గడియారం ఉండాలి. ప్రతి ముక్కకూ డీ-బస్ తట్టకుండా నేరుగా సాకెట్ తీసుకునే అక్వైర్‌రైట్, అక్వైర్‌నోటిఫై అనే పద్ధతులు బ్లూజెడ్‌లో ఉన్నాయి. ప్రాక్సీకి మొగ్గు చూపాల్సింది వాటివైపే.

మెష్‌డీ లోపల మార్పులు అంత పెద్దవి కావు, కానీ సున్నితమైనవి. ఇప్పటిదాకా దానికి కబురు వచ్చే మార్గం ఒక్కటే, గాలి. ఇకపై రెండోది ఉంటుంది. ఫోను నుంచి వచ్చిన పొట్లాన్ని అలాగే గాలిలోకి తోయడానికి లేదు. టీటీఎల్ ఒకటి తగ్గించాలి. ఆ అంకె నాన్స్‌లో భాగం, కాబట్టి అది మారితే పొట్లాన్ని నెట్‌వర్క్ తాళంచెవితో విప్పి మళ్లీ మూయాలి. లోపలి అప్లికేషన్ పొర మాత్రం కదలదు. ప్రాక్సీగా ఉన్న పెట్టెకు అప్లికేషన్ తాళంచెవి ఇవ్వకపోతే, ఏ సాంచె ఎందుకు ఆగిందో ఆ పెట్టెకు తెలియకుండానే కబురు దాటిపోతుంది.

ఫోను చాలాకాలం దూరంగా ఉండి తిరిగొస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. బతుకమ్మకు సూపర్‌వైజరు కరీంనగర్ వచ్చి నెల తర్వాత సచిన్ వెళ్లాడనుకుందాం. ప్రతి నోడ్ తన కబుర్లకు వరుస సంఖ్య వేస్తుంది. అది 24 బిట్లది, 1,67,77,216 తర్వాత అయిపోతుంది. అయిపోకముందే నెట్‌వర్క్ అంతా ఐవీ ఇండెక్స్ అనే మరో సంఖ్యను పెంచుకుని వరుసను మొదటి నుంచి ఎత్తుకుంటుంది. నెల రోజులు లేని ఫోనుకు కొత్త ఇండెక్స్ తెలియదు, పాత ఇండెక్స్‌తో పంపిన కబుర్లను మెష్ తోసిపుచ్చవచ్చు. అందుకే ఫోను కనెక్ట్ కాగానే ప్రాక్సీ అడగకుండానే నెట్‌వర్క్ బీకన్ పంపాలి. అందులో కొత్త ఇండెక్స్ ఉంటుంది. ఈ చిన్న మర్యాద మరిచిపోయి రాసిన ప్రాక్సీ పరీక్షల్లో బాగానే నెగ్గుతుంది, పండగ సెలవుల తర్వాత కుదేలవుతుంది.

ఇదంతా లినక్స్‌లోనే ఎందుకు ఉండాలి, ఒక బల్బులోని ప్రాక్సీ వాడుకుంటే పోలేదా అనవచ్చు. పోతుంది, చాలాచోట్ల అలాగే చేస్తున్నారు. కానీ షెడ్డులో లెక్కలు దాచడానికి, రోజువారీ నివేదికలకు ఎలాగూ ఒక లినక్స్ పెట్టె పెడతారు. దానికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, మెమరీ దండిగా ఉంటుంది, ఒక్కో ఫోనుకు వందల చిరునామాల జాబితాను నిలుపుకోగలదు. ఫోను ఆ పెట్టెతోనే నేరుగా మాట్లాడితే ఇంటర్నెట్ పోయినా, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ ఆగినా షెడ్డు పని ఆగదు. ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉన్నదైతే, పది సాంచాల ఆసామి కూడా నెలనెలా చందా కట్టకుండా వాడుకోగలడు. చెడిపోతే ఊళ్లోని ఇంజినీరింగ్ కుర్రాడు విప్పి చూడగలడు. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఉన్నది ఈ కారణంగానే.

సచిన్‌లో ఈ మాట సాంచాల దగ్గరే ఆగదు. 2022 జనవరి 6 తెల్లవారుజామున జీఐడీసీలో ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను కాలువలో వదిలినప్పుడు పుట్టిన విషవాయువుకు పక్కనున్న మిల్లులోని ఆరుగురు బలయ్యారు. వాయువును పసిగట్టే సెన్సర్లను మెష్‌లో పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే ప్రాణాలకు సంబంధించిన హెచ్చరికను ప్రాక్సీ మీదా, ఫోను మీదా వదలకూడదు. ప్రకటనలతో నడిచే మెష్‌లో కబురు చేరినట్టు రసీదు అడగవచ్చు కానీ ఫలానా క్షణంలోపు చేరుతుందన్న పూచీ ఉండదు. సైరన్‌కు విడి తీగ ఉండాలి. ఏ మూల వాయువు ముందు లేచింది, ఎటు పాకింది, ఇప్పుడు ఎంత ఉంది అన్నవి లోపలికి వెళ్లబోయే అగ్నిమాపక సిబ్బంది ఫోనుకు చెప్పడంలో ప్రాక్సీ పనికొస్తుంది.

ఒక అపాయం ప్రాక్సీతోపాటే వస్తుంది. ఫోన్లు తనను గుర్తుపట్టాలని ప్రాక్సీ తన నెట్‌వర్క్ గుర్తింపును 8 బైట్లలో ప్రకటిస్తుంది. అది మారదు. గేటు బయట నిలబడ్డ ఎవరైనా ఈ షెడ్డులో ఫలానా నెట్‌వర్క్ ఉందని పట్టేయవచ్చు. 2023 సెప్టెంబరులో వచ్చిన మెష్ 1.1 దీన్ని సరిదిద్దింది. గుర్తింపును యాదృచ్ఛిక సంఖ్యతో కలిపి దాచి ప్రకటిస్తే, నెట్‌వర్క్ తాళంచెవి ఉన్న ఫోనుకు తప్ప మిగతావాళ్లకు అది అర్థం లేని సంఖ్యే. ఇప్పుడు లినక్స్‌లో ప్రాక్సీ రాసేవాళ్లు పాత పద్ధతితో మొదలుపెట్టినా, ప్రకటనలు తయారుచేసే భాగాన్ని ఈ కొత్త రకాలకు వీలుగా ముందే విడగొట్టి రాయడం మంచిది.

పని వరుస కూడా ముఖ్యమే. ముందు ముక్కలు చేసి కలిపే భాగం. దానికి రేడియో అక్కర్లేదు, బైట్లు ఇచ్చి బైట్లు తీసుకునే పరీక్షలు చాలు. తర్వాత వడపోత, దానికీ రేడియో వద్దు. ఆ తర్వాతే గ్యాట్ నమోదు, ప్రకటనలు, బీకన్. ఆఖరున మెష్‌డీలో కాదని తిరిగొచ్చే ఆ ఫంక్షన్‌ను మార్చడం. పరీక్షకు రెండు యూఎస్‌బీ డాంగిళ్లు, నార్డిక్ సంస్థ ఉచితంగా ఇచ్చే మెష్ యాప్ ఉన్న ఒక ఫోను, చిన్న పరికరాల కోసం రాసిన జెఫిర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఒకటి రెండు బోర్డులు ఉంటే మొదలుపెట్టవచ్చు. జెఫిర్‌లో ప్రాక్సీ ముందునుంచే ఉంది కాబట్టి, లినక్స్ ఇచ్చే ప్రతి జవాబునూ దాని జవాబుతో బైటు బైటుగా పోల్చి చూసుకోవచ్చు.